దువ్వెన అక్కడే ఉంచాం

"మాటలు రాకపోయినా పర్నేదమ్మా. మా గుంట తల దువ్వనిస్తే సాలు."

మా దగ్గరికి వచ్చిన మొదటి రోజున కూతురి గురించి ఆ తల్లి అడిగింది ఇదొక్కటే. పిల్లలకి మాటలు రావాలని, బడిలో కూర్చోవాలని, అందరిలా అయిపోవాలని అడిగే తల్లిదండ్రులకి అలవాటు పడిపోయిన నాకు అది కొత్తగా వినిపించింది.

అది తొంభైల మధ్య మాట. పాతనగరంలో రేవుకి ఎదురుగా, మెట్ట మీద ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని నడిపే చిన్న కేంద్రం మాది. మాటలు ఆలస్యమైన పిల్లలు, చూపు కలపని పిల్లలు, కుక్కర్ కూతకే చెవులు మూసుకుని గోడవారకి చేరే పిల్లలు వచ్చేవారు. ఆటిజం అన్న మాట అప్పటికి ఊళ్ళో చాలామంది వినలేదు. "మావాడు కాస్త తేడా అండి" అని గొంతు తగ్గించి చెప్పేవారు. కేంద్రం నడిపే ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అందరం పెద్దక్క అనేవాళ్ళం.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. మాది టౌన్‌షిప్‌లో క్వార్టర్. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజుల్లో, పక్క క్వార్టర్ వాళ్ళ బాబుని ఆ కేంద్రంలో దింపడానికి వాళ్ళమ్మకి తోడుగా వెళ్ళాను. ఆ వరండాలో కూర్చుంటే కింద రేవు, క్రేన్లు, దూరంగా లంగరేసిన ఓడలు కనపడేవి. మర్నాడు కూడా వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. అది ఎప్పుడు నా ఉద్యోగమైందో నాకే సరిగ్గా గుర్తులేదు. ఆ సంవత్సరాలు నాకు వరసగా గుర్తుకురావు. పొద్దుటి మంచులోంచి క్రేన్లు ఒకటీ ఒకటీ తేలినట్టు, ఒక ముఖం, ఒక మాట, ఒక మధ్యాహ్నం తేలి వస్తాయి.

ఆ పిల్లకి ఏడేళ్ళుంటాయి. మొదటి రోజు గేటు దగ్గరే ఆగిపోయింది. జుట్టు జడలు కట్టి కొబ్బరిపీచు ఉండల్లా మెడ మీద వేలాడుతోంది. అడుగున పుండ్లు పడ్డాయేమో, వేలు పెట్టి అస్తమానం గీరుకుంటోంది. తల్లి చెయ్యి పైకి లేస్తే చాలు, కొంగు సర్దుకోవడానికైనా సరే, పిల్ల భుజాలు చెవుల దాకా వెళ్ళిపోయేవి.

తల్లి చేపలమ్మేది. హార్బర్‌లో వేలం అయ్యాక సరుకెత్తుకుని, వీధులన్నీ తిరిగి అమ్ముకుని, ఇంటికెళ్ళి పిల్లని తీసుకుని వచ్చేది. ఖాళీ సత్తు బేసిన్‌ని మా గోడ పక్కన బోర్లించి లోపలికి వచ్చేది. తండ్రి మరబోటు మీద వేటకి వెళ్తే మళ్ళీ ఎప్పటికో వచ్చేవాడు.

పెద్దక్క పిల్లని లోపలికి రమ్మని పిలవలేదు. గేటుకి కాస్త ఇవతల ఒక పీట వేసి నన్ను కూర్చోమంది.

"ఏం చెయ్యమంటారక్కా?" అని అడిగాను.

"ఏమీ చెయ్యకు. నువ్వు తనకి కనపడేలా కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో. నీ చేతులు ఎక్కడున్నాయో ఆ పిల్లకి తెలుస్తూ ఉండాలి."

అలా నేను చాలా రోజులు గేటు దగ్గర కూర్చున్నాను. ఎండ గోడ మీంచి జారి నా పాదాల మీదికి వచ్చేది, మళ్ళీ వెళ్ళిపోయేది. గాలి మళ్ళితే రేవు నుంచి ఎర్రటి ఖనిజం దుమ్ము సన్నగా వచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద వాలేది. పిల్ల గేటు అవతలి రెక్క పట్టుకుని నిలబడేది. రేవులోకి వచ్చే ఓడ కూత వేసినప్పుడల్లా ఆ ఇనప గేటు సన్నగా వణికేది. పిల్ల వెంటనే పొట్ట ఆనించి, బుగ్గ ఆనించి, కళ్ళు మూసుకునేది. ఆ క్షణంలో మాత్రం దాని భుజాలు కిందికి దిగేవి.

ఒకరోజు ఓడ కూసినప్పుడు నేనూ లేచి ఇవతలి రెక్కకి బుగ్గ ఆనించాను. ఇనుము చల్లగా ఉంది. ఆ మోత చెవిలోకి కాదు, దవడ ఎముకలోకి, అక్కడినుంచి ఛాతీలోకి దిగింది. లోకమంతా ఒక్క శబ్దంగా మారి, ఆ శబ్దం నన్ను జోకొట్టినట్టు అనిపించింది. కళ్ళు తెరిచేసరికి పిల్ల నా వైపు చూస్తోంది. నా కళ్ళలోకి కాదు, గేటుకి ఆనిన నా బుగ్గ వైపు. ఆ మర్నాడు తనంతట తనే గేటు దాటి వచ్చి నా పీట పక్కన నేల మీద కూర్చుంది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం పెంకుల మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. మేం ముగ్గురం, ఆ తల్లీ, పెద్దక్కా, నేనూ వరండాలో టీ తాగుతున్నాం. పిల్ల చూరు కింద చెయ్యి చాపి వాన ధార పట్టుకుంటోంది. ఎవరూ అడగకుండానే తల్లి చెప్పడం మొదలుపెట్టింది.

"మా అత్త అన్నాదమ్మా, గుంటకెవులో చిల్లంగి పెట్టీసినారని. మాటాడదు, పిలిత్తే సూడదు, మరేటనుకుంటారు? మంత్రమేసేవోడి దగ్గిరికి తీసికెల్లినాం. దెయ్యం జుత్తులోన కూకున్నాదన్నాడు. జుత్తు ముడేసి లాగీసి, ఏపమండల్తో కొట్టినాడు. గుంట తన్నుకుంటన్నాది. గట్టిగా పట్టుకోమన్నాడు." కప్పు కింద పెట్టింది. "నానే పట్టుకున్నానమ్మా. ఈ సేతుల్తోనే."

నేను ఏదో అనబోయాను. పెద్దక్క నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

తర్వాత పెద్దక్క నెమ్మదిగా అంది. "పిల్ల బాగుపడాలనే పట్టుకున్నావు. అది నిజం. పిల్లకి అదేమీ తెలియదు. అమ్మ చేతులు పట్టుకున్నాయి, అక్కడే నొప్పి పుట్టింది, అంతే తెలుసు. అదీ నిజమే. ఆ భయం ఒంట్లో ఉండిపోయింది. నీ మీద కోపం కాదది."

"పోద్దా అమ్మా?"

"పోతుందో లేదో నేను చెప్పలేను. కానీ ఇక మీదట ఎవరూ పట్టుకోరని పిల్లకి నమ్మకం కుదరాలి. అది మాటలతో కుదరదు. రోజూ చూసి చూసి కుదరాలి. ముందు నువ్వు భోంచెయ్యి. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేవు."

తల్లి తినడం మొదలుపెట్టాక గానీ ఆవిడకి ఎంత ఆకలిగా ఉందో మాకు తెలియలేదు.

ఆ వారంలోనే పెద్దక్క పళ్ళు వెడల్పుగా ఉన్న ఒక చెక్క దువ్వెన కొని తెచ్చింది. దాన్ని వరండాలో బొమ్మల పక్కన, గవ్వల పక్కన, వలతాడు ముక్కల పక్కన ఉంచాం. ఎవరూ ఎత్తి చూపించలేదు, ఎవరూ పిల్ల చేతికి ఇవ్వలేదు. పిల్ల దాన్ని చూసిన మొదటి రోజు వరండా ఎక్కలేదు. రెండు రోజులు గేటు దగ్గరే ఉంది. దువ్వెన తీసేద్దామా అని అడిగాను.

"కాస్త దూరంగా జరుపు. తీసెయ్యకు. అది దానంతట అది ఎగిరొచ్చి మీద పడదని కూడా పిల్ల చూడాలిగా" అంది పెద్దక్క.

తల్లికి ఒక పని చెప్పింది. రోజూ వచ్చి, పిల్లకి కనపడేలా కూర్చుని, తన జుట్టు తనే విప్పుకుని దువ్వుకోవాలి. పిల్ల వైపు వెళ్ళకూడదు.

"నా జుత్తు నాను దువ్వుకోడమేటమ్మా?" అని తల్లి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు. "దానికోసం ఇంత ఎండలోన మెట్టెక్కి వత్తన్నానా?"

అయినా వచ్చేది. కొప్పు విప్పి, నూనె రాసుకుని, నింపాదిగా దువ్వుకునేది. ఇంట్లో అంత తీరిక ఆవిడకి ఎప్పుడూ ఉండి ఉండదు. చేతులు జుట్టులో ఉండగానే కళ్ళు మూతలు పడేవి. తెల్లవారుజామునే హార్బర్‌కి వెళ్ళే మనిషి. పెద్దక్క ఒక చాప పరిచి, "కాసేపు పడుకో, పిల్లని మేం చూస్తాం" అనేది. మొదట్లో మొహమాటపడింది. తర్వాత చాప మీద వాలగానే నిద్రపోయేది.

ఒక మధ్యాహ్నం కూడా అలాగే పడుకుంది. రేవులో పని ఆగిపోయినట్టు నిశ్శబ్దంగా ఉంది. సముద్రం మీద ఎండ తెల్లగా, కళ్ళు నిలపనీయకుండా మెరుస్తోంది. గాలి వరండాలోకి వచ్చి వెళ్తోంది. తల్లి జుట్టు చాప దాటి గచ్చు మీద పరుచుకుని ఉంది. నేను స్తంభానికి ఆనుకుని సగం నిద్రలో ఉన్నాను. పిల్ల దువ్వెన పట్టుకుని తల్లి తల దగ్గర కూర్చుని ఉండడం చూసి, ముందు కల అనుకున్నాను.

జుట్టు చివర ఒక పాయ తీసుకుంది. దాని మీద దువ్వెన పెట్టి, లాగకుండా అలాగే ఉంచింది. తర్వాత చాలా నెమ్మదిగా కిందికి దించింది. మళ్ళీ పైకి తెచ్చింది. గొంతులో ఏదో సన్నగా మోగిస్తోంది. పాట కాదు, మాట కాదు, తేనెటీగ గదిలో ఎక్కడో తిరుగుతున్నట్టు.

తల్లి కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, కదలొద్దని. ఆవిడ కదల్లేదు. కంటి చివరి నుంచి నీరు జారి చెవిలోకి వెళ్తున్నా తుడుచుకోలేదు. పిల్ల అలా ఎంతసేపు దువ్విందో తెలియదు. లేచి వెళ్ళిపోయాక తల్లి ఇంకా అలాగే పడుకుని, "అమ్మా, లెగవొచ్చా?" అని గుసగుసగా అడిగింది.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిపోలేదు.

పిల్ల నాయనమ్మకి వేరే ఆలోచన ఉంది. ఆవిడ ఒకరోజు మెట్టెక్కి మా దగ్గరికే వచ్చింది. మనవరాలి తలనీలాలు సింహాచలంలో తీయిస్తానని అప్పన్నకి మొక్కుకుందట. "ఇన్నాలు తీరలేదు. అందుకే గుంటకిలాగవుతన్నాది. రేపు శనివారం తీసుకెల్తాం. నలుగురు పట్టుకుంటే గడియలోన అయిపోద్ది."

నలుగురు పట్టుకుంటే అన్న మాట వినగానే కోడలి ముఖం పాలిపోయింది. పెద్దక్క ముసలావిడకి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. మొక్కు తప్పని అనలేదు, మంత్రగాడి సంగతి ఎత్తలేదు.

"అప్పన్న మనల్ని తొందరపెట్టాడా పిన్నీ?" అంది.

ముసలావిడ ఆలోచించింది. "తొందరేటి నేదులే."

"అయితే పిల్ల తనంతట తను ఇచ్చిందాకా ఆగుదాం. ఏడుస్తూ ఇచ్చింది ఆయనకి మాత్రం బాగుంటుందా?"

శనివారం మాట మళ్ళీ ఎత్తకుండా ఆవిడ లేచింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి మనవరాలిని చూసింది. పిల్ల గవ్వలు వరసగా పేరుస్తోంది. "దీన్ని సూత్తే నాకు బయ్యమేసేదమ్మా. నాను పోతే దీన్నెవులు సూత్తారని" అని నాతో అంది. అప్పటిదాకా ఆవిడ మీద నాకు ఎంత కోపం ఉందో, అది ఎప్పుడు పోయిందో, రెండూ ఒక్కసారే తెలిశాయి.

జడలు కట్టిన జుట్టు దువ్వెనకి లొంగేది కాదు. కత్తిరించాల్సిందే. కత్తెర కూడా దువ్వెనలాగే వచ్చింది. ముందు కాగితం, తర్వాత వలతాడు, తర్వాత బొమ్మ జుట్టు, తర్వాత తల్లి జడ చివర. పిల్లే కత్తిరించేది. కత్తెర చప్పుడు దానికి నచ్చింది. ఒకరోజు తన జుట్టు ఉండ ఒకటి ముందుకి లాక్కుని, కత్తెరని తల్లి చేతిలో పెట్టింది. తల్లి దాన్ని ఉండకి దగ్గరగా ఆపి, "కత్తిరించనా? ఇదొక్కటే" అని అడిగింది. పిల్ల ఉండ మీంచి తన చెయ్యి తీసెయ్యలేదు. ఒక ఉండ రాలింది. ఇంకోటి చూపించలేదు, మేం అడగలేదు. కొన్ని రోజులు ఒకటి ఇచ్చేది. కొన్ని రోజులు కత్తెర చూడగానే లేచి వెళ్ళిపోయేది.

సగం పోయి సగం ఉండగా తండ్రి వేట నుంచి వచ్చాడు. పిల్ల తల అలా అరకొరగా ఉండడం చూసి జాలిపడ్డాడు. మిగతాది నేను తీసేస్తాను, అయిపోతుంది అనుకున్నాడు. ఒళ్ళో పెట్టుకుని, చేతులు పట్టుకుని కత్తెర ఎత్తాడు. పిల్ల అతని అరచేతిని పట్టి కొరికేసింది. ఆ తర్వాత ఇంట్లో మంచం కింద దూరి బయటికి రాలేదట. మా దగ్గరికి తీసుకొచ్చినా మళ్ళీ గేటు దగ్గరే. దువ్వెన కేసి చూడను కూడా లేదు.

తండ్రి కూడా వచ్చాడు. చేతికి గుడ్డ కట్టుకుని వరండా చివర గొంతుకూర్చున్నాడు. ఎత్తయిన మనిషి, అంత చిన్నగా ఎలా కూర్చున్నాడో.

"నాను కొట్టనేదమ్మా. మంచిగా సేద్దారనే" అన్నాడు.

"తెలుసయ్యా" అంది పెద్దక్క.

"నాను సముద్రం మీదుంటాను. దీన్తో ఎలగుండాలో నాకు తెల్దు. సెప్పండి, నేర్చుకుంటాను."

ఎక్కడ కూర్చోవాలో, చేతులు ఎక్కడ ఉంచాలో, ఏ పనికైనా ముందు చెప్పి ఎలా ఆగాలో పెద్దక్క చెప్పింది. "ఆగినప్పుడు ఒద్దంటే?" అని అడిగాడు. "ఒద్దంటే ఒద్దే. అప్పుడే పిల్లకి నీ మాట మీద నమ్మకం" అంది. బోటు మళ్ళీ కదిలేదాకా రోజూ వచ్చాడు. గేటు దగ్గర నా పీట మీద ఇప్పుడతను కూర్చునేవాడు. చిరిగిన వల తెచ్చుకుని కుట్టుకునేవాడు. పిల్ల దూరంగా నిలబడి తాడు కదలడం చూసేది. ఒకనాటికి తాడు కొస పట్టుకుంది. అతను చూడనట్టే కుట్టుకుంటూ పోయాడు. వెళ్ళేటప్పుడు మాత్రం నా దగ్గరికి వచ్చి, "కొస అట్టుకున్నాది, సూసినారా?" అని అడిగాడు.

మళ్ళీ మొదటినుంచీ మొదలైంది, కానీ ఈసారి అంతకాలం పట్టలేదు. చలి గాలి మొదలయ్యేసరికి చివరి ఉండ కూడా రాలిపోయింది. మెడ మీద పుండ్లు మానాయి. నాయనమ్మ రాలిన జుట్టునంతా పసుపు గుడ్డలో దాచి ఉంచింది. దాన్ని తీసుకుని ఒక్కతే సింహాచలం కొండెక్కి, మొక్కు చెల్లించి వచ్చింది. ప్రసాదం తెచ్చి మాకందరికీ పెట్టింది. "పూజారినడిగినాను. అప్పన్న తీసుకుంటాడా అని. ఎందుకు తీసుకోడు, పెట్టమన్నాడు" అని ఆనందంగా చెప్పింది.

కొత్త జుట్టు మెత్తగా, ఉంగరాలుగా వచ్చింది. తల్లి ముందుగా తన చేతులు చూపించి, "దువ్వనా?" అని అడిగేది. పిల్ల కొన్నిసార్లు వచ్చి ముందు కూర్చునేది, కొన్నిసార్లు పరిగెత్తిపోయేది. పారిపోయిన రోజున తల్లి నవ్వుతూ దువ్వెన పక్కన పెట్టేసేది. ఆ నవ్వు చూసి, పెద్దక్క కొత్తగా వచ్చిన తల్లుల్ని ఆవిడ పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. మేం ఎంత చెప్పినా తల వంచుకుని వినే తల్లులు, ఆవిడ దగ్గర ఏడ్చేవారు. ఆవిడేమీ సలహాలు చెప్పేది కాదు. "నానూ అలగే సేసినానమ్మా" అనేది, అంతే.

పిల్లకి మాటలు పెద్దగా రాలేదు. కొన్ని వచ్చాయి, కొన్ని వచ్చి పోయాయి. కావలసింది చేత్తో చూపించేది, వద్దనుకుంటే తల తిప్పేసేది. అది వద్దంటే వద్దేనని ఇంట్లో అందరికీ తెలిసింది.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు పెళ్ళయింది. ఋషికొండ వైపు ఇల్లు తీసుకున్నాం. పెద్దక్క మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేక కేంద్రాన్ని మెట్ట కిందికి మార్చింది. నేను వారంలో కొన్ని రోజులే వెళ్ళగలిగేదాన్ని. ఒకసారి ఆ తల్లి ఇంటికొచ్చి పెళ్ళికి పిలిచింది. ఆ పిల్ల చిన్నాన్న కూతురి పెళ్ళి.

సాయంత్రం వెళ్ళాను. సముద్రం ఒడ్డున వాళ్ళ వీధంతా లైట్లు, డప్పులు, బ్యాండు, మైకులో పాటలు. ఇంత గోలలో ఆ పిల్ల ఏమైపోయిందో అని కళ్ళతో వెతికాను. తల్లి పట్టుచీరలో హడావిడిగా తిరుగుతూ నన్ను చూసి, "అదిగో అటెల్లండమ్మా" అని ఒడ్డు వైపు చూపించింది.

పందిరికి దూరంగా, డప్పుల మోత అలల్లో కలిసిపోయే చోట, ఇసక మీదికి లాగిన ఒక పడవ ఉంది. దాని నీడన చాప వేసి, రెండు విస్తళ్ళు పరిచారు. పిల్ల, ఇప్పుడు పొడుగ్గా ఎదిగిన అమ్మాయి, కొత్త పావడా ఓణీలో కూర్చుని ఉంది. పక్కన తండ్రి.

"పందిట్లోకి వెళ్ళరా?" అని అడిగాను.

"ఎల్తాను. దీని కాడ కూకోడం ఇప్పుడు నా వొంతు" అన్నాడు. "మా తమ్ముడొత్తాడు కాసేపుంటే, ఆడి తరవాత మా మేనల్లుడు. పెల్లికూతురు కూడా మద్దిలోనొచ్చి కూకుని ఎలిపోనాది. దీనికి పెల్లి ఇక్కడే."

నాకూ ఒక విస్తరి తెప్పించారు. అన్నం, చేపల పులుసు, బూరెలు. అమ్మాయి తన విస్తట్లో బూరె తీసి, పూర్ణం తినేసి, పైపొర తండ్రి విస్తట్లో పెట్టింది. అతను అలవాటుగా నోట్లో వేసుకున్నాడు. సముద్రం మీద చీకటి పడుతోంది. పందిరి వైపు నుంచి ఎవరో తల మీద కండువా కప్పుకుని మా వైపే నడిచి వస్తున్నారు, వంతు మారడానికి.